అరటి పెట్టె ధరలో చేరని పద్దులు

అపరాలు, నూనెగింజలు, మిర్చి, బెల్లం - ఏ సరుకు తీసుకున్నా ధర ఒకచోట నిలవదు. ప్రపంచ వాణిజ్యంలో అరటిపండు మాత్రం వేరే దారిలో నడుస్తున్నది. అమెరికా చిల్లర దుకాణాలలో పౌను అరటిపండ్ల సగటు ధర 2011లో 60 సెంట్ల దరిదాపుల్లో ఉండేది. 2023లోనూ దాదాపు అక్కడే ఉన్నది. ఈ మధ్యకాలంలో ఎరువుల ధర పెరిగింది, డీజిల్ పెరిగింది, కరోనా రోజుల్లో ఓడ కిరాయిలు ఆకాశాన్నంటాయి. అయినా ఆ దేశంలోనే పండే ఆపిల్ కంటే, సముద్రం దాటి వచ్చే అరటి చౌకగా అమ్ముడుపోతున్నది.

ఒక సరుకు ధర ఇంతకాలం ఇంత నిలకడగా ఉన్నదంటే వర్తకుడికి సహజంగా ఒక అనుమానం రావాలి. ఖర్చు నిజంగానే తగ్గి ఉండాలి; లేదా ఆ ఖర్చును బేరంలో లేని మనిషి ఎవరో భరిస్తూ ఉండాలి. అరటి వాణిజ్యం చరిత్ర తిరగేస్తే ఈ రెండూ జరిగినట్లు తెలుస్తుంది. మొదటిది కంపెనీల సామర్థ్యం. దానిని తక్కువ చేసి చూడనక్కరలేదు. రెండవది జమాఖర్చు పుస్తకాలలో చాలాకాలం ఎక్కడా కనిపించలేదు. కనిపించిన రోజున సమ్మెగానో, కోర్టు తీర్పుగానో, జరిమానాగానో కనిపించింది.

ప్రపంచంలో అరటి అత్యధికంగా పండించే దేశం మనదే. ఏటా 3.5 కోట్ల టన్నులకు పైగా దిగుబడి వస్తున్నది. అయితే దాదాపు అంతా మనమే తినేస్తాం. ఎగుమతి నూటికి రెండు పాళ్లు కూడా లేదు. ప్రపంచ ఎగుమతి వ్యాపారం మొత్తం కలిపి సుమారు 2 కోట్ల టన్నులు. అందులో సింహభాగం ఈక్వడార్, గ్వాటెమాలా, కోస్టారికా, కొలంబియా వంటి లాటిన్ అమెరికా దేశాలది. ఆసియాలో చెప్పుకోదగ్గది ఫిలిప్పీన్స్. అంచేత ఈ సరుకు గురించి తెలుసుకోవాలంటే అక్కడి తోటలలోకే వెళ్లాలి.

రైలు నిలబడడానికి అరటి

కోస్టారికా ప్రభుత్వం 1871లో దేశం నడిబొడ్డు నుంచి కరీబియన్ తీరంలోని లిమోన్ రేవు దాకా రైలు మార్గం వేయించ పూనుకున్నది. ఉద్దేశం కాఫీ ఎగుమతి. అప్పటిదాకా కాఫీ పసిఫిక్ తీరంలో ఓడ ఎక్కి, దక్షిణ అమెరికా ఖండాన్ని చుట్టి ఐరోపా చేరవలసి వచ్చేది. గుత్తేదారు హెన్రీ మీగ్స్ మేనల్లుడు మైనర్ కీత్ అనే అమెరికన్ యువకుడు పనిలో దిగాడు. అడవి, చిత్తడి నేల, మలేరియా, పచ్చజ్వరం. జమైకా, చైనా, ఇటలీల నుంచి కూలీలను దించారు. మొదటి 40 కిలోమీటర్లకే నాలుగు వేలమంది చనిపోయారని అంచనా. ఆ లెక్కలో కీత్ సొంత సోదరులు కూడా ఉన్నారు.

సగంలో ప్రభుత్వం దగ్గర డబ్బు అయిపోయింది. 1884లో కీత్‌తో కొత్త ఒప్పందం కుదిరింది. దేశానికి ఉన్న విదేశీ అప్పును ఆయన సర్దుబాటు చేయించాలి, లైను పూర్తి చేయాలి. ప్రతిఫలంగా రైలు మార్గం మీద 99 ఏళ్ల లీజు, పైగా 8 లక్షల ఎకరాల భూమి. అది ఆ దేశ విస్తీర్ణంలో సుమారు పదహారింట ఒక వంతు. ఏ గుత్త ఒప్పందమైనా చూసిన వారికి ఇందులో ఎవరి చేయి పైన ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

లైను 1890లో పూర్తయింది. కాని బండి నడవడానికి ప్రయాణికులు లేరు, కాఫీ ఒక్కటే కిరాయి గిట్టుబాటుకు చాలదు. అప్పటికే కట్ట పొడవునా కీత్ అరటి వేయించి ఉన్నాడు. అదే రైలుకు ఆధారమయింది. అరటి కోసం రైలు వేయలేదు, రైలు నిలబడడం కోసం అరటి వేశారన్నమాట. జమైకా నుంచి బోస్టన్‌కు పండు తెచ్చి అమ్ముతున్న ఆండ్రూ ప్రెస్టన్ కంపెనీతో కీత్ ఆస్తులను 1899లో కలిపారు. ఆ విధంగా ఏర్పడినదే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ. నేటి చికీటా దాని వారసురాలు.

ఆ కంపెనీ వ్యాపార దక్షత అసాధారణమైనది. కోసిన అరటి మూడు వారాలకు మించి ఆగదు. ఆ మూడు వారాలలో కోత, రైలు, రేవు, ఓడ, మగ్గబెట్టే గది, దుకాణం అన్నీ ఒక వరుసలో పడాలి. కంపెనీ వీటన్నిటినీ తన చేతిలోనే ఉంచుకున్నది. ఓడ ఏ రోజు రేవుకు వస్తుందో తెలిశాకనే తోటకు కోత ఉత్తర్వు వెళ్లేది. వార్త వేగంగా చేరడానికి సొంత రేడియో టెలిగ్రాఫ్ కంపెనీయే పెట్టుకున్నారు. ఓడలకు ఎండ వేడి తగలకుండా తెల్లరంగు వేశారు. ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర నిలిపారు. అంతకు తగ్గితే కాయ నల్లబడుతుంది, పెరిగితే దారిలోనే పండుతుంది. తోట నుంచి అమెరికా టోకు మార్కెట్ దాకా నడుమ దళారి అన్నవాడే లేడు. మన కమీషన్ వ్యాపారులకు ఇది చేదుగా తోచవచ్చు గాని, అరటి చౌక కావడంలో న్యాయమైన సగం ఇదే.

స్థానికులకు మేలు జరగలేదని అనడానికి వీలులేదు. రేవులు వచ్చాయి, విద్యుత్తు వచ్చింది. అడవిగా ఉన్న తీరప్రాంతాలలో కంపెనీ ఆసుపత్రులు మలేరియాను గట్టిగా ఎదుర్కొన్నాయి. రొక్కంగా వచ్చే కూలి ఆ దేశాలలోని మిగతా వ్యవసాయ కూలి కంటే సాధారణంగా ఎక్కువ. హోండురాస్‌లోని జమొరానో వ్యవసాయ కళాశాల 1942లో కంపెనీ సొమ్ముతోనే వెలిసింది. నేటికీ లాటిన్ అమెరికా దేశాల విద్యార్థులు అక్కడ చదువుతున్నారు. కొండ ప్రాంతాల పేద రైతులు ఇష్టపడే ఈ తోటల పనికి దిగివచ్చారు. ఈ మాట మరచిపోతే మిగతా కథ అర్థం కాదు.

ఎవరి కూలీలు?

ఆ రోజుల్లో అరటి గెలలుగానే ఓడ ఎక్కేది. రావులపాలెం యార్డులో గెల లెక్కన బేరమాడే వారికి అక్కడి కొలత ఆసక్తి కలిగించవచ్చు. 9 అత్తాలు, ఆ పైన ఉన్న గెల పూర్తి గెల. అంతకు తగ్గితే గెలలో కొంత భాగం కిందనే లెక్క. సొంత తోటలు చాలనప్పుడు కంపెనీ చుట్టుపక్కల రైతులతో ఒప్పందాలు చేసుకునేది. పండు రైలు పక్కకు తెచ్చాక నచ్చకపోతే తిరగ్గొట్టే హక్కు కంపెనీది. మరొకరికి అమ్ముకునే వీలు రైతుకు లేదు. ఓడ ఆలస్యమైనా, అక్కడ గిరాకీ పడిపోయినా, తిరగ్గొట్టిన సరుకు నష్టం రైతు ఖాతాకే.

కొలంబియాలోని శాంతా మార్తా ప్రాంతంలో 1928 నవంబరులో కూలీలు సమ్మెకు దిగారు. కోర్కెలు తొమ్మిది. వారానికొకసారి జీతం, ఆదివారం సెలవు, ప్రమాద బీమా, కంపెనీ దుకాణంలోనే చెల్లే చీటీలకు బదులు రొక్కం - ఇటువంటివే. వాటిలో చాలావరకు అప్పటికే ఆ దేశ చట్టంలో ఉన్నవి. కంపెనీ జవాబు క్లుప్తంగా ఉన్నది: వీరు మా కూలీలు కారు, గుత్త మేస్త్రీలు తెచ్చుకున్నవారు, వారి సంగతి మేస్త్రీలే చూసుకోవాలి. వేలమంది పనిచేస్తున్న తోటలలో కంపెనీ లెక్క ప్రకారం కంపెనీ కూలీ దాదాపు ఎవరూ లేరన్నమాట.

డిసెంబరు 6 తెల్లవారుజామున సియెనాగా పట్టణంలో రైలు స్టేషను దగ్గర గుమిగూడిన సమ్మెదారుల మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవారు 47 మంది అని కాల్పులకు ఆజ్ఞాపించిన జనరల్ కోర్తెస్ వర్గాస్ ఒప్పుకున్నాడు. కంపెనీ ప్రతినిధి తనతో చెప్పిన సంఖ్య వెయ్యి దాటిందని బొగోటాలోని అమెరికా రాయబారి 1929 జనవరిలో తన ప్రభుత్వానికి రాశాడు. మూడు వేలు అనే సంఖ్య కూడా తరచు వినిపిస్తుంది. అది ఆ ప్రాంతంలోనే పుట్టిన నవలాకారుడు గార్సియా మార్క్వెజ్ 1967 నాటి నవలలో వేసిన లెక్క. చరిత్ర లెక్క కాదు. 47కు, వెయ్యికి నడుమ నిజం ఎక్కడున్నదో తేల్చే పత్రం లేదు. గెలలో అత్తాలు లెక్కపెట్టిన చోట మనుషులను లెక్కపెట్టలేదు.

పన్నుకు ఒక ధర, పరిహారానికి ఒక ధర

భూమి పద్దు గ్వాటెమాలాలో బయటపడింది. 1952 నాటి భూసంస్కరణ చట్టం కింద అక్కడి ప్రభుత్వం సాగులో లేని పెద్ద కమతాలను తీసుకోవడం మొదలుపెట్టింది. యునైటెడ్ ఫ్రూట్ చేతిలో సుమారు 5.5 లక్షల ఎకరాలు ఉండగా, అందులో అత్యధిక భాగం ఖాళీగానే ఉన్నది. తెగులు వస్తే మారడానికి నిల్వ ఉంచుకున్నామని కంపెనీ వాదన. అందులో సాంకేతికంగా కొంత నిజం లేకపోలేదు.

1953లో ప్రభుత్వం సుమారు 2.1 లక్షల ఎకరాలు తీసుకుని 6,27,572 డాలర్ల బాండ్లు ఇవ్వజూపింది. ఈ సంఖ్య ఎక్కడిదంటే, పన్ను కోసం కంపెనీ తానే ప్రకటించుకున్న భూమి విలువ. మరుసటి సంవత్సరం అమెరికా ప్రభుత్వం కంపెనీ తరఫున కోరిన పరిహారం 1,58,54,849 డాలర్లు. అంటే ఒకే భూమికి పన్ను కట్టేటప్పుడు ఎకరాకు 3 డాలర్లు, పరిహారం అడిగేటప్పుడు 75 డాలర్లు. ఆస్తి విలువ తగ్గించి చూపడం ఏ దేశంలోనూ కొత్త కాదు. ఆ తేడాను వసూలు చేయడానికి మరో దేశం కదలి రావడమే విశేషం. 1954 జూన్‌లో అమెరికా గూఢచారి సంస్థ తోడ్పాటుతో జరిగిన తిరుగుబాటులో అధ్యక్షుడు అర్బెంజ్ గద్దె దిగాడు. భూములు తిరిగి కంపెనీకి చేరాయి. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారని, లేదా ఆచూకీ లేకుండా పోయారని ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఏర్పడిన విచారణ సంఘం తేల్చింది. ఆ యుద్ధానికి అరటి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. దారి తెరిచిన వాటిలో అది ఒకటి అనక తప్పదు.

మైలుతుత్తం రంగు మనుషులు

కోనసీమలో అమృతపాణి వేసినవారికి పనామా తెగులు గురించి చెప్పవలసిన పని లేదు. మట్టిలో ఉండే శిలీంధ్రం వేరులోంచి ఎక్కి చెట్టును ఎండగొడుతుంది. మందు లేదు. ఒకసారి సోకిన నేలలో అది దశాబ్దాల తరబడి ఉంటుంది. అప్పటి ఎగుమతి రకం గ్రోస్ మిషెల్‌ను ఈ తెగులు ఎక్కడికక్కడ తుడిచిపెట్టింది. కంపెనీలు పాత తోట వదిలి కొత్త అడవి కొట్టేవి. వదిలిన చోట రైలు పట్టాలు సైతం పీకి తీసుకుపోయేవి. వెనుక మిగిలిన ఊళ్లు దిక్కులేనివయ్యేవి. కోస్టారికాలో కరీబియన్ తీరం నుంచి పసిఫిక్ తీరానికి మారేటప్పుడు 1934 ఒప్పందంలో ఒక షరతు చేరింది: నల్లజాతి పనివారిని కొత్త తోటలకు తీసుకుపోరాదు. రైలు వేయడానికి జమైకా నుంచి వచ్చినవారి పిల్లలకు, మనుమలకు పాత తీరం పని పోయింది, కొత్త తీరం పని దొరకలేదు.

అదే కాలంలో సిగటోకా ఆకుమచ్చ తెగులు వచ్చిపడింది. దానికి మందు ఉన్నది. బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం. ఆకులన్నీ తడిసేలా రోజంతా గొట్టాలతో కొట్టాలి. కొట్టేవారి బట్టలు, ఒళ్లు, చెమట సైతం నీలి ఆకుపచ్చగా మారేవి. కోస్టారికాలో వీరిని 'పెరికో'లని, అంటే చిలుకలని పిలిచేవారు. ఎండలో వాసన, రుచి పోయి, దగ్గు పట్టి పని మానేసినవారు ఎందరో. తరువాత విమానం నుంచి మందు చల్లడం వచ్చింది. నల్ల సిగటోకా వచ్చాక ఎగుమతి తోటలలో ఏటా 40 సార్లకు పైగా చల్లడం మామూలయింది.

1960 ప్రాంతాలకు కంపెనీలు పనామా తెగులును తట్టుకునే కావెండిష్ రకానికి మారాయి. మన పెద్ద పచ్చ అరటి, గ్రాండ్ నైన్ ఈ కుటుంబానివే. దీని తొక్క పలుచన, గెలగా పంపితే దెబ్బ తింటుంది. అందుచేత అత్తాలు కోసి, కడిగి, తోటలోనే 18.14 కిలోల అట్టపెట్టెలో సర్దడం మొదలయింది. పెట్టె రావడంతో తూకం, గ్రేడు, బ్రాండు చీటీ అన్నీ తోటలోనే నిర్ణయమయ్యాయి. ప్యాకింగ్ షెడ్లలో స్త్రీలకు పని దొరికింది. ప్రపంచ అరటి వాణిజ్యం నేటికీ ఈ పెట్టె లెక్క మీదనే నడుస్తున్నది.

వేరులోని నులిపురుగుల కోసం వాడిన డి.బి.సి.పి. అనే మందు కథ వేరు. నెమగాన్ అన్న పేరుతో అమ్మేవారు. 1977లో కాలిఫోర్నియాలో ఈ మందు తయారయ్యే కర్మాగారంలోని మగ పనివారికి పిల్లలు కలగడం లేదన్న సంగతి వైద్య పరీక్షలలో బయటపడింది. అక్కడ దాని వాడకానికి కళ్లెం పడింది. కాని మధ్య అమెరికా తోటలకు సరఫరా వెంటనే ఆగలేదు. తయారీదారు వెనుకాడితే, నష్టం వస్తే బాధ్యత తమదేనని రాసిచ్చి మరీ పండ్ల కంపెనీ సరుకు తెప్పించుకున్నది. కోస్టారికా, నికరాగువా, హోండురాస్, ఫిలిప్పీన్స్‌లలో వేలాది మంది పనివారు సంతాన శక్తి కోల్పోయారు. 1990లో టెక్సాస్ సుప్రీంకోర్టు కోస్టారికా కూలీలు తమ దగ్గర దావా వేయవచ్చునని తీర్పు చెప్పాక రాజీలు మొదలయ్యాయి. తరువాతి నికరాగువా దావాలలో కొన్నింటిని, దొంగ సాక్ష్యాలు పుట్టించారని 2009లో లాస్ ఏంజిలిస్ న్యాయమూర్తి కొట్టివేశారు. నష్టపోయినవారిలో అసలు వారికీ దీనివల్ల దెబ్బ తగిలింది.

ఫ్రెంచి పాలనలోని మార్టినిక్, గ్వాడలూప్ దీవులలో ఈ నష్టం తోట గట్టు దాటింది. దుంపను తొలిచే ముక్కు పురుగు కోసం 1972 నుంచి 1993 దాకా అక్కడ క్లోర్‌డికోన్ చల్లారు. అమెరికాలో దాని తయారీ 1975లోనే ఆగిపోయింది. ఫ్రాన్సు 1990లో నిషేధించి కూడా, అరటి కోసమని ఈ దీవులకు మరో మూడేళ్లు మినహాయింపు ఇచ్చింది. ఆ మందు నేలలో వందల ఏళ్లు ఉంటుంది. దీవులలోని పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా రక్తంలో దాని జాడ ఉన్నది. వాననీటితో సముద్రంలో కలిసి, కొన్ని తీరాలలో చేపలు పట్టడమే నిషేధించవలసి వచ్చింది. ఒక్క అరటి గెల కోయని జాలరి ఆ ఖర్చు భరిస్తున్నాడు. చాలాకాలం గడిచిపోయిందన్న కారణం కూడా చూపుతూ 2023 జనవరిలో పారిస్ న్యాయమూర్తులు క్రిమినల్ కేసును మూసివేశారు.

పెట్టెకు 1 డాలరు

ఉత్పత్తి చేసే దేశాలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. చమురు దేశాలు 1973లో ధర పెంచుకోవడం చూసి, 1974లో కోస్టారికా, హోండురాస్, పనామా తదితర దేశాలు పెట్టెకు 1 డాలరు దాకా ఎగుమతి పన్ను వేయాలని సంకల్పించాయి. అప్పటి అధ్యయనాల ప్రకారం చిల్లర దుకాణంలో వినియోగదారు ఇచ్చే డాలరులో పండించిన దేశంలో మిగిలేది 11, 12 సెంట్లు మాత్రమే. అయితే చమురుకు ఉన్న బలం అరటికి లేదు. చమురును భూమిలో దాచవచ్చు, అరటిని చెట్టున దాచలేరు. పైగా అతిపెద్ద ఎగుమతిదారు ఈక్వడార్ ఈ జట్టులో చేరలేదు. కంపెనీలు కోత తగ్గించి ఒత్తిడి తెచ్చాయి.

హోండురాస్ మొదట వేసిన 50 సెంట్ల పన్ను కొద్ది నెలల్లోనే 25 సెంట్లకు దిగింది. ఎందుకు దిగిందో 1975లో తెలిసింది. యునైటెడ్ ఫ్రూట్ అప్పటికి యునైటెడ్ బ్రాండ్స్‌గా మారింది. దాని అధ్యక్షుడు ఎలీ బ్లాక్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకోగా, ఆ తరువాత జరిగిన విచారణలో హోండురాస్ అధికారికి 12.5 లక్షల డాలర్ల లంచం ముట్టినట్లు వెల్లడయింది. హోండురాస్ పాలకుడు లోపెజ్ అరెయానో పదవి పోయింది. విదేశాలలో లంచాలివ్వడాన్ని నేరంగా ప్రకటిస్తూ అమెరికా 1977లో చట్టం చేయడానికి దారితీసిన ఉదంతాలలో ఇది ఒకటి.

ఈక్వడార్ దారి ఆసక్తికరమైనది. అక్కడ విదేశీ కంపెనీల ఎస్టేట్లకంటె స్వదేశీ రైతుల తోటలే ఎక్కువ; కంపెనీలు పండు కొని ఎగుమతి చేస్తాయి. పెట్టెకు ప్రభుత్వమే కనీస ధర ప్రకటిస్తుంది. 2023లో 43 పౌన్ల పెట్టెకు 6.50 డాలర్లు, అంటే పౌనుకు 15 సెంట్లు. అట్టపెట్టె, రేవు, ఓడ, మగ్గబెట్టే గది, దుకాణం కలిసి దానిని 60 సెంట్ల పైకి చేరుస్తాయి. ఉత్తరాది దేశాలలో వేసవి వచ్చి స్థానిక పండ్లు దిగితే గిరాకీ తగ్గుతుంది, రోజువారీ ధర కనీస ధర కంటే కిందికి జారుతుంది. చిన్న రైతు దొరికిన ధరకే ఇస్తాడు. ఆ ఒత్తిడి కూలిమీదికి దిగుతుంది. 8 నుంచి 13 ఏళ్ల వయసులోనే పనిలో చేరిన పిల్లల గురించి 2002లో ఒక అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ నివేదిక బయటపెట్టినది ఈక్వడార్ తోటలలోనే. కంపెనీ ఎస్టేటు లేకపోయినంత మాత్రాన కూలీ బాధ తీరిపోదన్నమాట.

పాత బాకీలు

కొలంబియాలోని ఉరాబా ప్రాంతం అరటికి ఎంత పేరో, 1990లలో తోటల కార్మికుల హత్యలకు అంత పేరు. అక్కడి సాయుధ ముఠాలకు 1997 నుంచి 2004 దాకా 17 లక్షల డాలర్లు చెల్లించినట్లు ఒప్పుకుని చికీటా 2007లో అమెరికాలో 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఉద్యోగుల ప్రాణాలు కాపాడుకోవడానికే ఇచ్చామని కంపెనీ వాదన. ఆ ముఠాల చేతిలో చనిపోయిన ఎనిమిది మంది కుటుంబాలకు 3.83 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024 జూన్‌లో ఫ్లోరిడా జ్యూరీ తీర్పు చెప్పింది. చెల్లింపు మొదలైన 27 ఏళ్లకు లెక్కకు వచ్చిన ఖర్చు ఇది.

ఇక పనామా. పింఛను చట్టంలో మార్పులకు నిరసనగా 2025 ఏప్రిల్ చివర బోకాస్ దెల్ తోరో రాష్ట్రంలో అరటి కార్మికులు సమ్మె కట్టారు. చికీటా సుమారు 5,000 మందిని తొలగించి, కార్యకలాపాలు మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ రాష్ట్రంలో అరటి తప్ప చెప్పుకోదగ్గ ఉపాధి తక్కువ. దుకాణాలు, బస్సులు సైతం ఆ జీతాల మీదనే నడుస్తాయి. కంపెనీ తిరిగి రావడానికి ఆగస్టులో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. తోట వల్ల కలిగే మేలు ఎంతటిదో, అది ఒక్కరి చేతిలో ఉంటే ఎంత ప్రమాదమో ఆ నాలుగు నెలల్లో తెలిసివచ్చింది.

ఐరోపా దుకాణాలలో ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న పెట్టె మీద నేడు కనీస ధరకు అదనంగా 1 డాలరు ప్రీమియం జమ అవుతున్నది. అది కార్మికుల, రైతుల ఉమ్మడి నిధికి పోతుంది. 1974లో ప్రభుత్వాలు పోరాడి రాబట్టలేకపోయిన మొత్తమే ఇది. అయితే మొత్తం ఎగుమతిలో ఆ ముద్ర ఉన్న పెట్టెల వంతు చిన్నది.

మన పెట్టెలు

తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు 2020 జనవరిలో అరటి ప్రత్యేక రైలు వెళ్లిన నాటి నుంచి రాయలసీమ గ్రాండ్ నైన్ కూడా ఈ పెట్టెల వ్యాపారంలో భాగమయింది. మన ఎగుమతి ప్రధానంగా గల్ఫ్ దేశాలకే. ఇక్కడ ఎస్టేట్లు లేవు, చిన్న కమతాలు, సొంతదారులు. అది పెద్ద ఊరట. కాని గల్ఫ్ ఆర్డరు ఆగిన వారం పండు చెట్టుమీదే మిగిలిపోయే ఇబ్బంది ఇక్కడి రైతుకూ తెలుసు. కావెండిష్‌ను సైతం చంపే పనామా తెగులు కొత్త జాతి, టి.ఆర్.4, బీహార్, ఉత్తరప్రదేశ్ తోటలలో కనిపించింది. లాటిన్ అమెరికాలో 2019లో కొలంబియాకు, 2021లో పెరూకు, 2023లో వెనిజులాకు చేరింది. మొక్క, మట్టి, ట్రాక్టరు చక్రం, కూలీ చెప్పు దేనితోనైనా అది పాకుతుంది. ఇక్కడ మారడానికి ఖాళీ అడవి లేదు.

గల్ఫ్ కొనుగోలుదారు కాయ పొడవు, మచ్చ, ధర చూస్తాడు. ఐరోపా కొనుగోలుదారు ఇంకొన్ని కాగితాలు అడుగుతాడు. జర్మనీలో పెద్ద కంపెనీలు తాము కొనే సరుకు వెనుక కూలీల పరిస్థితి విచారించుకోవాలన్న చట్టం 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్ కావాలంటే ఏ తేదీన ఏ మందు ఎంత కొట్టారో, ఎవరు కొట్టారో రిజిస్టరు ఉండాలి. హాంబర్గ్ రేవు మీద ఆశ ఉన్న ఎగుమతిదారు ముందుగా చూసుకోవలసినవి ఇవే: మందు కొట్టిన రిజిస్టరు, కోత ముఠాలో వయసు రుజువుతో సహా పేర్లు, రోజుకూలి చెల్లించిన సంతకాలు. ఇంతవరకు ముఠా మేస్త్రీ జేబులో ఉంటూ వచ్చిన హాజరు పుస్తకం ఇకమీదట ఎగుమతిదారు దస్త్రంలోకి రావలసి ఉంటుంది.